పలుపు ఇవ్వని అత్త

నేను ఐదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠం నాకు అర్థం కాక, రెండోసారి నేను మాస్టారికి అర్థం కాక. మూడో ఏడు మొదలయ్యేసరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం: ఆయన నన్ను రమ్మనరు, నేను వెళ్ళను. ఆ ఒప్పందాన్ని ఇద్దరం ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాం. అంచేత ఇందులో ఎక్కడన్నా లెక్క కనబడితే చదివేవాళ్ళు కాస్త అనుమానంగానే చూడాలి. నేను సైకిలు షాపువాణ్ణి. ట్యూబు మీద ఎన్ని ప్యాచీలున్నాయో చెప్పగలను. అంతకు మించితే వేళ్ళు చాలవు.

అయినా ఒక లెక్క గురించి రాయక తప్పడంలేదు. ఒళ్ళు మండిపోతోంది మరి.

అత్త పెద్దకర్మ అయిన మర్నాడు నా షాపు ముందు బల్ల మీద నలుగురు చేరారు. కొత్తగా బావి తవ్వించినాయన ఒకడు, దానికి కరెంటు మోటారు పెట్టాలా, ఆయిలింజను పెట్టాలా అని అడిగాడు. ఇంజనైతే రింగులు అరుగుతాయి, నాజిలు పూడుతుంది, బెల్టు తెగుతుంది, ఎప్పుడూ ఏదో ఒక మూలుగే, మోటారుకి ఆ బాధ లేదన్నాడొకడు. మోటారు మూలగదు, ఒకేసారి కాలిపోతుంది, అప్పుడు మూలిగేది మనం అన్నాడు ఇంకొకడు. బల్ల చివర కండువా సర్దుకుంటూ కూర్చున్న అత్త మరిదిగారు అప్పుడు నోరు విప్పాడు.

"మోటారే చవకయ్యా. రిపేరనే మాటే ఉండదు. మా వదినకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. పాపం, ఆవిడకి బుర్రకెక్కలా. మొండిమనిషి. లేకపోతే బంగారం."

నేను ఎవరిదో సైకిలుకు గాలి కొడుతున్నాను. ఎంత కొట్టానో తెలియలేదు. ట్యూబు ఢామ్మని పేలింది. మరిదిగారు ఉలిక్కిపడి లేచాడు గానీ అంతకంటే ఏమీ కాలేదు. కోపం నాది, పోయిన ట్యూబు ఖర్చూ నాదే.

ఆవిడ నాకు సొంత అత్త కాదు, ఊరి వరసన అత్త. సత్తెనపల్లి రోడ్డు మీద బస్సు దిగి, నల్లరేగడిలో చెప్పులు చేతపట్టుకుని నడిస్తే వచ్చే ఊరు మాది. ఊరి పడమర గట్టుకి ఇవతల అత్త మూడెకరాలు, అవతల మరిదిగారి మాగాణాలూ మెట్టలూ కలిసి కంటికి ఆనినంత. అత్తకి ఉన్నదల్లా ఆ మూడెకరాల మిరప, ఒక బావి, ఒక కూతురు, మొగుడు పోతూ పోతూ కొనిపెట్టిపోయిన ఆయిలింజను. ఆ ఇంజను మీద ఆవిడ నోరు ఎంత పెరిగిందో చెబితే చాలదు, వినాల్సిందే.

ఊళ్ళో ఆడవాళ్ళు కొంగున తాళంచెవులు కట్టుకుంటారు. అత్త కొంగున పానా ఉండేది. గోళ్ళు ఎప్పుడూ నలుపే. ఆవిడ పెట్టిన పండుమిరపకాయ పచ్చడిలో కిరసనాయిలు వాసన వస్తుందని నేనంటే, "నీ ముక్కుకి వాషరు పోయిందిరా, సత్తెనపల్లెళ్ళి మార్పించుకో" అనేది. అని ఇంకో ముద్ద వేసేది.

ఇంజను లేపడానికి విడి హ్యాండిలు తగిలించి తిప్పడం మగవాళ్ళకే కష్టం. అత్త చీర బిగించి, కాలు దిమ్మెకి తన్నిపెట్టి, ముందు తిట్టేది. తిట్టిన తర్వాతే తిప్పేది. "లెగరా, మొద్దు సచ్చినోడా! తాగిన నూనెకి సిగ్గు లేదంట్రా?" అని ఒక్క విసురు. అది రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ ఉమ్మి, దుక్కు దుక్కుమని అందుకునేది. తిట్టకుండా తిప్పిన రోజున అది లేవలేదని ఆవిడ నమ్మకం. ఒకసారి నేనూ తిట్టి తిప్పాను. లేవలేదు. "నువ్వు నవ్వుతా తిడుతున్నావురా. వాడికి తెలిసిపోద్ది" అంది.

ఆ ఇంజను చెడని నెల లేదు. అందులో అబద్ధం లేదు. ఈ నెల నాజిలు, వచ్చే నెల గాస్కెట్టు, ఆ పై నెల బెల్టు. కానీ చెడిన పూటే అత్త గోనెపట్టా పరిచి, భాగాలన్నీ విప్పి, పిల్లల్ని వరసగా పడుకోబెట్టినట్టు పెట్టి, కిరసనాయిల్లో కడిగి మళ్ళీ బిగించేది. లేని ముక్క సత్తెనపల్లి సంతకెళ్ళి తెచ్చుకునేది. పొద్దున ఆగిన నీళ్ళు సాయంత్రానికి మళ్ళీ బోదెలో పారేవి.

అట్లాంటి రోజుల్లో మా ఊరికి కరెంటు తీగ వస్తుందన్నారు. ఊరికే రాదు. బావులకు మోటార్లు పెట్టుకుంటామని ఇంతమంది రైతులు సంతకం చేస్తేనే తీగ లాగుతారట. ఆ ఇంతమందికి సరిగ్గా ఒకరు తక్కువయ్యారు. ఊళ్ళో బావి ఉండీ సంతకం పెట్టంది అత్త ఒక్కతే. పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. కరెంటోళ్ళ తరఫున ఒక కుర్రాయన, ఇస్త్రీ చొక్కా, వచ్చి కూర్చున్నాడు. పక్కన మరిదిగారు. అప్పుడు ప్రెసిడెంటు ఆయనే.

"బటన్ నొక్కితే నీళ్ళండీ. రిపేరు అనేదే ఉండదు" అన్నాడు కుర్రాయన.

"చెడితే ఎవరు చూస్తారు నాయనా?" అంది అత్త.

"చెడదండీ."

"చెడితే అంటున్నా."

"చెడదు అంటున్నానండీ."

"నీకు పెళ్ళయిందా?"

కుర్రాయన సిగ్గుపడ్డాడు. "అయిందండీ."

"పెళ్ళాం ఎప్పుడన్నా అలిగిందా?"

"అలగదా అండీ మరి?"

"అప్పుడు బటన్ ఎందుకు నొక్కలా?"

మీటింగంతా విరగబడి నవ్వింది. మరిదిగారు నవ్వలేదు. లేచి నిలబడి, గొంతు తగ్గించి, అందరికీ వినబడేట్టు అన్నాడు: "నవ్వండి. నవ్వుకుంటా చీకట్లో కూర్చోండి. ఈవిడగారి పాత ఇనుము కోసం ఊరి పిల్లలు బుడ్డి దీపాల పొగ పీలుస్తారు." అంతే, అప్పటిదాకా నవ్విన మొహాలన్నీ అత్త వైపు ఒక రకంగా తిరిగాయి. పక్కింటి ఆడవాళ్ళు కూడా. ఆవిడ చుట్టూ చూసింది. కూతురు కూడా చూపు దించుకుంది. ఆ పిల్లకీ బల్బు వెలుగులో జడేసుకోవాలని ఉంది మరి.

"వేలిముద్ర కావాలా, సంతకం కావాలా? నాకు రెండూ వచ్చు" అంది అత్త.

మోటారూ ఇంజనూ రెండూ పెట్టుకునే స్తోమత ఆవిడకి లేదు. మోటారు కొనాలంటే ఇంజను అమ్మాల్సిందే. "పాత ఇనుమొదినా, ఎవడు కొంటాడు? నేనే తీసుకుంటాలే. ఇంటి వస్తువు బయటికి పోకుండా ఉంటది" అన్నాడు మరిదిగారు. ఇనుము ధరకే తీసుకున్నాడు. నలుగురు పాలేర్లు దిమ్మె మీంచి లేపి, బండికెత్తి, గట్టు దాటించి ఆయన బావి దగ్గర పాకలో దింపారు. దింపాక హ్యాండిలు ఏదని వెతికారు. అది అత్త చేతిలో ఉంది.

"ఇలా ఇవ్వొదినా."

"ఇవ్వను."

"అదేంది? ఇంజను అమ్మావుగా?"

"గొడ్డునమ్మితే పలుపిస్తామంటయ్యా?"

ఇది మా వైపు పద్ధతి. ఎద్దునైనా, బర్రెనైనా అమ్మేటప్పుడు దాని మెడలో పలుపుతాడు విప్పి ఉంచేసుకుంటారు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టుకుపోవాలి. పలుపు కూడా ఇచ్చేస్తే కొట్టంలో కళ పోతుందని అంటారు.

"ఇది గొడ్డు కాదొదినా, ఇంజను."

"ఇన్నేళ్ళు నాచేత తిట్లు తిని నా చేనుకి నీళ్ళు పెట్టాడు. గొడ్డు కాకపోతే మనిషా? మనుషులెవరూ నాకింత చెయ్యలా."

అందరం నవ్వాం. మరిదిగారు కూడా నవ్వి, ఇనప ముక్కేగా, కావాలంటే ఇంకోటి చేయించుకుంటానని వదిలేశాడు. ఆయనకి ఆ ఇంజనుతో తక్షణం పనేముంది? కొత్త మోటారు ఉందిగా. పాకలో ఓ మూల గోనెసంచి కప్పి పెట్టుకున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే మొదటి ఏడు మోటారు బాగానే తిరిగింది. అత్త బటన్ నొక్కేది, నీళ్ళొచ్చేవి. "బానే ఉందిరా. కానీ తిట్టడానికి ఏం లేదు. ఊరికే ఉమ్మ్... అంటా ఉంటది, ఆఫీసులో గుమాస్తాలాగ" అనేది. ఆ ఏడు నన్నే ఎక్కువ తిట్టింది.

రెండో ఏడు మిరప నిండా పూత మీద ఉంది. వాన ముఖం చాటేసింది. ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి వేశారు. తీగ ఏదో తెగిందన్నారు, మూడు ఫేజుల్లో ఒకటి పోయిందన్నారు. ఒక్క పూటలో అత్త మోటారు, మరిదిగారి మోటారు, ఇంకా చాలామందివి కాలిపోయాయి.

ఆ పంట పోతే పొలం కౌలుకివ్వడం తప్ప అత్తకి దారి లేదు. కౌలుకి తీసుకునేవాడు గట్టు అవతలే ఉన్నాడు. మొగుడు పోయిన నాటినుంచి ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి ఆయన నాగలి దిగితే ఆ గట్టు ఇక కనబడదని ఊళ్ళో అందరికీ తెలుసు, అత్తకి ఇంకా బాగా తెలుసు.

మోటారుని బస్సు టాపు మీద వేయించుకుని గుంటూరు వెళ్ళాం, తోడుగా నేను. వైండింగు షాపు ముందు మోటార్లు ధర్మాసుపత్రిలో రోగుల్లా వరసగా పడున్నాయి. షాపాయన తల ఎత్తకుండా "రాగితీగ స్టాకు లేదమ్మా. వచ్చాక వరసలో" అన్నాడు.

"మా ఇంజను చెడిపోయేది గానీ కాలిపోయేది కాదయ్యా" అంది అత్త.

"అట్లాగే అంటారమ్మా. ఇంజను మీద ఏడాది పొడుగునా మీరు పెట్టే ఖర్చులో ఇది సగం ఉండదు, చూసుకోండి."

"నీకిచ్చే డబ్బు సంగతి కాదు. ఇది నీ దగ్గర పడున్నన్నాళ్ళు నా చేలో పూత రాల్తా ఉంటది. రాలిన పూతని చెట్టుకి ఏ మెకానిక్కు బిగిస్తాడు? ఆ కూలి ఎంతో చెప్పు, అది కూడా కలుపు."

షాపాయన అప్పుడు తల ఎత్తాడు. జాలిపడ్డాడు కూడా. కానీ జాలితో వైండింగు చెయ్యలేరుగా.

తిరిగొచ్చేసరికి మరిదిగారి పాకలో గోనెసంచి తీసేసి ఉంది. అప్పుడు తెలిసింది నాకు, పాత ఇనుము ఎందుకు కొన్నాడో. అందరికీ మోటారు చవకని చెప్పిన మనిషి తనొక్కడూ ఇంజను దాచుకున్నాడు. కమ్మరి చేత కొత్త హ్యాండిలు చేయించి, తనే మహా మొనగాడిలా తిప్పాడు. కొలత ఎక్కడో తప్పింది. ఇంజను ఎదురు తన్ని హ్యాండిలు మణికట్టు మీద కొట్టింది. రెండోసారి పట్టుకోవడానికి పాలేర్లెవరూ ముందుకు రాలేదు. మర్నాడు పొద్దున్నే చేతికి పసుపు గుడ్డ కట్టుకుని అత్త అరుగు దగ్గరికొచ్చాడు. అన్న పోయాక ఆ గుమ్మం తొక్కింది అదే. ఇక నీళ్ళకేం చేద్దామో మాట్లాడదామని నేను అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాను.

"ఒదినా, ఆ ఇనప ముక్క ఓసారి ఇవ్వు."

"చేతికేందయ్యా?"

"ఏదో తగిలింది."

"తగల్లా, తన్నాడు. మావాడు కొత్తవాళ్ళని తంతాడు." అత్త లోపలికెళ్ళి హ్యాండిలు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ముందు నా చేను తడవాలి. మొత్తం తడిసిందాకా. ఆ తర్వాత నీది."

"సరేలే."

"సరేలే కాదు, సరే అను. ఇదుగో, వీడు వింటున్నాడు." నన్ను చూపించింది. "వీడు నోరు మూసుకోలేడని ఊరందరికీ తెలుసు."

"సరే" అన్నాడు మరిదిగారు పళ్ళ మధ్య నుంచి.

నన్ను పెద్దమనిషిగా ఎవరూ ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. ఆ ఒక్కసారీ సాక్షిగా పెట్టుకున్నది నా నోటిని చూసి. ఆ నోటితోనే ఇది చెబుతున్నాను.

అత్త వెళ్ళి తిట్టింది, తిప్పింది. ఇంజను లేచింది. బోదెలో నీళ్ళు గట్టు దాటి ఆవిడ చేలోకొచ్చాయి. ఆవిడ చీర ఎగ్గట్టి పారతో మడవలు మారుస్తుంటే మొహంలో పదేళ్ళు తగ్గినట్టుంది. హ్యాండిలు పాకలో మేకుకి తగిలించొచ్చింది. సరే అన్నాడు కదా అని నమ్మింది. సగం చేను తడిసిందో లేదో, నీళ్ళు సన్నబడ్డాయి. తర్వాత ఆగాయి. ఇంజను మాత్రం దుక్కు దుక్కుమంటూనే ఉంది.

గట్టెక్కి చూస్తే మరిదిగారి పాలేరు బోదెకి అడ్డం మట్టి వేసి నీళ్ళు ఆయన చేలోకి తిప్పాడు.

"ఏందయ్యా ఇది?" అంది అత్త.

"నా బావి, నా నూనె, నేను కొన్న ఇంజను. సగం తడిసిందిగా, చాల్లే. మిగతాది తర్వాత చూద్దాం."

నేను ఎగిరాను. "మావయ్యా, పొద్దున సరే అన్నావు" అని అరిచాను. "నువ్వు సైకిళ్ళకి గాలి కొట్టుకోరా" అన్నాడు.

అత్త తిట్టలేదు. అది చూసి నాకు భయమేసింది. తిన్నగా పాకలోకి వెళ్ళింది. నూనె గొట్టానికున్న కాకు తిప్పి కట్టేసింది. ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. మేకుకున్న హ్యాండిలు తీసుకుని బయటికొచ్చి, పాక గుమ్మంలో రాయి మీద కూర్చుంది. హ్యాండిలు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"పోలీసుల్ని పిలుస్తా!" అన్నాడు మరిదిగారు.

"పిలువు. ఏమని రాసిస్తావు? మా వదిన తన పలుపు తను తీసుకుందనా?"

"నీ చేను కూడా ఎండిపోద్ది, తెలుసా?"

"ఎండనీ. నీదీ ఎండుద్ది. ఇప్పటిదాకా నేనొక్కదాన్నే ఎండాను. ఇవాళ తోడు దొరికింది."

జనం పోగయ్యారు. ఇక్కడే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "మాటిచ్చి ఎందుకు తప్పావయ్యా" అని ఆయన్ని అడగలేదు. అందరూ ఆవిడకే చెప్పారు. సర్దుకుపోమ్మా అన్నారు. ఇంటి మనుషులు, రోడ్డున పడొద్దన్నారు. ఆడదానికి అంత కోపం పనికిరాదన్నారు.

"సర్దుకోడానికి నా దగ్గరేం మిగిలింది? ఇది తప్ప" అని హ్యాండిలు ఎత్తి చూపించింది. ముందు నిలబడ్డవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

ఎండ నెత్తి మీదకొచ్చింది, దిగింది. అత్త మంచినీళ్ళు కూడా తాగలేదు. మరిదిగారు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. ఆయన చేలోనూ మిరప ఆకులు వేలాడేశాయి. ఆయనది ఎక్కువ చేను, ఎక్కువ ఆకులు, చూడటానికి ఎక్కువ కష్టం. పొద్దు వాలుతుండగా పాలేరుతో "తియ్యరా" అన్నాడు. పాలేరు అడ్డం వేసిన మట్టి లాగేశాడు. వాడి మొహంలో నవ్వు నేను చూశాను.

అత్త లేచి పాకలోకి వెళ్ళింది. మరిదిగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ హ్యాండిలు ఇంజనుకి తగిలించి, కాలు తన్నిపెట్టి, మామూలుగానే మొదలుపెట్టింది. "లెగరా, మొద్దు సచ్చినోడా! తాగిన నూనెకి సిగ్గు లేదంట్రా? ఎవరి సొమ్ము తిని ఎవరి మీద తిరగబడుతున్నావురా?" చెయ్యి ఇంజను మీద ఉంది. కళ్ళు మాత్రం ఇంజను మీద లేవు. మరిదిగారు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాక కప్పు చూశాడు. ఇంజను ఒక్క విసురుకే లేచింది.

చేను మొత్తం తడిసిందాకా అత్త ఈసారి హ్యాండిలు చేతిలోంచి దించలేదు. పూత సగం అప్పటికే రాలిపోయింది. ఉన్న సగంతో ఆ ఏడు గట్టెక్కింది. పొలం కౌలుకి పోలేదు. గట్టు ఉన్నచోటే ఉంది. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ హ్యాండిలు చేతికర్రలా పట్టుకుని తిరిగింది. కుక్కల్ని అదిలించినా దాంతోనే, లైన్‌మాన్‌కి తెగిన తీగ చూపించినా దాంతోనే, నా షాపుకొచ్చి బల్ల మీద కొట్టి "ఏరా, ఇంకా బతికున్నావా" అన్నా దాంతోనే. ఊళ్ళో ఆవిడకి కోపిష్ఠిది అని పేరు పడింది. కోపం తెప్పించినాయనకి మాత్రం పెద్దమనిషి అనే పేరు అలాగే ఉంది.

ఇప్పుడా పెద్దమనిషి నా బల్ల మీదే కూర్చుని, మోటారే చవకంటాడు! నిజమే, ఆయనకి చవకే. మోటారు కాలితే ఇంజను ఉండేది, ఇంజను చెడితే మోటారు ఉండేది. రెండూ ఉన్నవాడికి రెండూ చవకే. ఒక్కటే పెట్టుకోగలిగినవాళ్ళు చెడిన నాడు ఏం చేస్తారనేది ఆయన లెక్కలోకి రాదు. ఐదో తరగతి దాటని నాకే ఆ లెక్క అందింది. ఆయనకీ అంది ఉంటుంది. అందుకే పాకలో గోనెసంచి కప్పి పెట్టుకున్నాడు.

బల్ల ఖాళీ అయ్యాక ఊరుకోలేక అత్త ఇంటికెళ్ళాను. కూతురు వాకిట్లో మిరపకాయలు ఎగదోస్తోంది. గుమ్మం పక్కన, అత్త ఎప్పుడూ ఆనించేచోటే, హ్యాండిలు ఉంది. పిడి నున్నగా అరిగి మెరుస్తోంది. నా బుద్ధి ఊరుకోదుగా, ఏడిపిద్దామని అన్నాను: "ఏమే, ఇంజను ఎప్పుడో తుక్కుకి పోయింది. అత్త కూడా పోయింది. ఇంకా ఈ ఇనప ముక్కెందుకే ఇంట్లో? నాకివ్వు, షాపులో దేనికన్నా పనికొస్తుంది."

ఆ పిల్ల మిరపకాయల మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఉండనీ బావా. మా బాబాయి ఇంకా బతికే ఉన్నాడుగా."